భద్రతా పరిశోధన: క్షిపణులకు సరే.. మనుషుల మాటేమిటి?

సంతోష్‌నగర్: సంతోష్‌నగర్ చౌరస్తా నుంచి కంచన్‌బాగ్ వైపు సాగే దారిలో దేశ భద్రతకు సంబంధించిన రెండు లోకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు ఎత్తైన ప్రహరీలు, సాయుధ కాపలా, వాటి వెనుక క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్, లోహాలపై పరిశోధన సాగించే డీఎంఆర్‌ఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973 నాటి మిశ్ర ధాతు నిగమ్ ఉన్నాయి. మరోవైపు చిరుద్యోగులు, చిల్లర వ్యాపారులు, గల్ఫ్ సంపాదనపై ఆధారపడిన కుటుంబాలు నివసించే బస్తీలు. మొదటి లోకం పరిశోధనకు పెట్టింది పేరు. రెండో లోకం భద్రత పేరిట సోదాలను, నిర్బంధ తనిఖీలను, అరెస్టులను చూసింది కానీ పరిశోధనను చూసింది తక్కువ.

ఈ తేడా ఎంతటిదో తెలియాలంటే 1989 వేసవిని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్ 20న అగ్ని క్షిపణి తొలి ప్రయోగం చివరి క్షణాల్లో నిలిచిపోయింది. మే 1న రెండో యత్నమూ ఆగింది. పత్రికలు వ్యంగ్య చిత్రాలు వేశాయి. అప్పట్లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా ఉన్న అబ్దుల్ కలాం, ఆయన సహచరులు ప్రతి లోపాన్నీ విప్పి చూసుకున్నారు. ఎక్కడ పొరపాటు జరిగిందో రాసుకున్నారు, సరిదిద్దారు. మే 22న అగ్ని నింగికెగసింది. కంచన్‌బాగ్‌లో వైఫల్యం అంటే దాచుకోవలసిన అవమానం కాదు, చదవవలసిన పాఠం. అక్కడి పని పద్ధతే అది.

అదే పద్ధతిని హింసాత్మక తీవ్రవాదం విషయంలో పాటించారా అన్నది అసలు ప్రశ్న. రెండు దశాబ్దాల అనుభవాన్ని వరుసగా పరిశీలిస్తే సమాధానం నిరాశ కలిగిస్తుంది. కేసులు పెట్టారు, కొన్ని నెగ్గాయి, కొన్ని వీగిపోయాయి. నెగ్గిన కేసులకు పతకాలు, పదోన్నతులు దక్కాయి. వీగిపోయిన కేసుల దస్త్రాలు మూలన పడ్డాయి. ఎందుకు వీగిపోయిందన్న సమీక్ష ప్రజల ముందుకు వచ్చిన సందర్భం అరుదు.

దసరా నాటి దాడి.. పన్నెండేళ్ల విచారణ

2005 అక్టోబరు 12, దసరా రోజు. బేగంపేటలోని టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలోకి ప్రవేశించిన ఆత్మాహుతి దళ సభ్యుడు తనను తాను పేల్చుకున్నాడు. విధి నిర్వహణలో ఉన్న ఒక హోంగార్డు ప్రాణాలు కోల్పోయారు. సాక్షాత్తు పోలీసుల ముంగిటే జరిగిన దాడి కావడంతో నగరం ఉలిక్కిపడింది. కుట్రదారులంటూ పదిమందిపై విచారణ నడిచింది. 2017 ఆగస్టులో, అంటే దాదాపు పన్నెండేళ్ల తర్వాత, న్యాయస్థానం ఆ పదిమందినీ నిర్దోషులుగా విడుదల చేసింది. వారు నిజంగానే నిర్దోషులైతే అంతకాలం అపరాధుల ముద్ర మోయించడం అన్యాయం. కాకుంటే సాక్ష్యం కూర్చలేకపోవడం వైఫల్యం. ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చవలసిన బాధ్యత తీర్పుతో తీరిపోదు.

మక్కా మసీదు ఉదంతం ఇంకా తీవ్రమైనది. 2007 మే 18, శుక్రవారం ప్రార్థనల వేళ సెల్‌ఫోన్ సాయంతో పేల్చిన పైపు బాంబు తొమ్మిదిమందిని బలిగొంది. ఆ వెంటనే చెలరేగిన ఆగ్రహాన్ని అణచేందుకు పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. దర్యాప్తు తొలి రోజుల్లోనే పాతబస్తీ యువకుల మీదికి మళ్లింది. పదుల సంఖ్యలో అదుపులోకి తీసుకున్నారు. వారిని అక్రమంగా నిర్బంధించి హింసించారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది ఎల్.రవిచందర్‌ను విచారణకు నియమించింది. ఆయన నిర్బంధితులను స్వయంగా కలిసి, హింస జరిగిందన్న ఆరోపణలను బలపరుస్తూ నివేదిక ఇచ్చారు. విశ్వవిద్యాలయ ముద్ర లేకున్నా, పాతబస్తీలో భద్రతా చర్యల ఫలితాలపై జరిగిన అసలైన క్షేత్ర పరిశోధనల్లో దాన్నొకటిగా చెప్పుకోవాలి.

తర్వాత దర్యాప్తు సీబీఐకి, అటుపై ఎన్ఐఏకి చేరింది. 2010 నవంబరులో స్వామి అసీమానంద అరెస్టుతో కేసు పూర్తిగా వేరే దిశకు తిరిగింది. న్యాయమూర్తి ఎదుట ఆయన ఇచ్చిన నేరాంగీకార వాంగ్మూలం దేశవ్యాప్తంగా సంచలనం కలిగించింది, పిమ్మట ఆయన దాన్ని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం ఆయన సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. తీర్పు వెలువరించిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా సమర్పించడం మరో కలకలం. ఎన్ఐఏ ఆ తీర్పుపై అప్పీలుకు వెళ్లలేదు. ఫలితంగా మొదట పట్టుకున్నవారూ దోషులు కారు, తర్వాత పట్టుకున్నవారూ కారు. బాంబు మాత్రం పేలింది. తొమ్మిది కుటుంబాలు తమ వారిని పొట్టన పెట్టుకున్నది ఎవరని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.

తప్పు దిద్దుకునే ప్రయత్నమూ సవ్యంగా సాగలేదు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫార్సు మేరకు అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి రూ.3 లక్షల చొప్పున, మరో 50 మందికి రూ.20 వేల చొప్పున, మొత్తం రూ.70 లక్షల పరిహారం ప్రకటించింది. నిర్దోషులుగా బయటపడిన వారికి నడవడిక ధ్రువపత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. ధ్రువపత్రం చేతికొచ్చినా ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది పాత పత్రికల్లోని ఫొటోనే కదా!

తేదీలు చెప్పిన సంగతి

మక్కా మసీదు కాల్పుల ప్రభావం అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటే. 2008 డిసెంబరులో ఇదే సంతోష్‌నగర్‌లో పోలీసులపై కాల్పులు జరిగాయి. 2009 మే 18న ఫలక్‌నుమా ప్రాంతంలో విధుల్లో ఉన్న హోంగార్డు బాలస్వామిని కాల్చి చంపారు. 2010 మే 14న శాలిబండ వద్ద కానిస్టేబుల్ రమేశ్‌ను అదే తీరులో బలిగొన్నారు. మొదటిది మసీదు పేలుడు జరిగి సరిగ్గా రెండేళ్లయిన రోజు. రెండోది మూడో ఏడు నిండడానికి నాలుగు రోజుల ముందు వచ్చిన శుక్రవారం. ఈ తేదీలు కాకతాళీయం కావని దర్యాప్తు అధికారులు భావించారు. వికారుద్దీన్ ముఠాపై అభియోగాలు నమోదయ్యాయి. 2007 నాటి కాల్పులతో ఏ సంబంధమూ లేని ఇద్దరు చిరుద్యోగులు ప్రతీకారానికి ఆహుతయ్యారన్నది ఆ అభియోగాల సారాంశం. చనిపోయిన వారి ఇళ్లలో దుఃఖానికి ఏ వాదమూ సమాధానం కాదు.

ఒక యువకుడు కోపం నుంచి తుపాకీ వరకు ఎలా ప్రయాణించాడు? ఎవరు దారి చూపారు? ఏ మలుపులో ఎవరైనా ఆపగలిగేవారా? పాతబస్తీ భద్రత గురించి ఆలోచించే వారెవరికైనా ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు ఉండవు. న్యాయస్థానంలో సాక్ష్యాలు పూర్తిగా బయటికి వస్తే కొన్నింటికైనా సమాధానం దొరికేది. అయితే 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తరలిస్తుండగా ఆలేరు సమీపంలో వికారుద్దీన్, మరో నలుగురు విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయుధాలు లాక్కునేందుకు యత్నించారని పోలీసులు ప్రకటించారు. సంకెళ్లతో ఉన్న వారు అదెలా చేయగలరని హక్కుల సంఘాలు నిలదీశాయి. సూర్యాపేట బస్టాండులో పోలీసులు హతులై, ఆ వెంటనే జానకీపురం ఎదురుకాల్పులు జరిగిన వారమది. అప్పటి ఉద్వేగాల మాట ఎలా ఉన్నా, విచారణ తీర్పు దాకా నడవనందున నేర్చుకోవలసినది నేర్చుకోకుండానే పుస్తకం మూసినట్లయింది.

నగరాన్ని వణికించిన మిగతా పేలుళ్ల కథ వేరు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా మరణించారు. ఆ కేసులో 2018 సెప్టెంబరులో ఇద్దరికి మరణశిక్ష, ఆశ్రయమిచ్చిన మరొకరికి యావజ్జీవం పడింది. సంతోష్‌నగర్‌కు కూతవేటు దూరంలోని దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జరిగిన జంట పేలుళ్లకు 2016 డిసెంబరులో యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి ఉరిశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఈ రెండు కేసుల్లో శిక్ష పడిన వారిలో హైదరాబాదు వాసి ఒక్కరూ లేరు. కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చినవారు, ఒక పాకిస్థానీ ఇందులో ఉన్నారు. స్థానికులందరూ అమాయకులని దీని అర్థం కాదు. 2016 జూన్‌లో ఐఎస్ అనుబంధ ముఠా పేరిట ఎన్ఐఏ పాతబస్తీలోనే అరెస్టులు చేసింది. 2025 మేలో విజయనగరంలో ఒక యువకుడు, హైదరాబాదులో అతని సహచరుడు పేలుళ్ల కుట్ర ఆరోపణపై పట్టుబడ్డారు. ముప్పు ఉంది. అది ఏ బస్తీ చిరునామాతోనూ రాదు.

అనుమానం వెనుక లెక్క

ఇక్కడే పరిశోధకుల అవసరం ఏమిటో తెలుస్తుంది. లక్షమంది యువకులున్న ప్రాంతంలో నిజంగా హింసకు సిద్ధపడినవారు పదిమంది ఉన్నారనుకుందాం. నూటికి 99 సార్లు సరిగ్గా గుర్తించే పరికరమో, పద్ధతో పోలీసుల చేతిలో ఉందనుకుందాం. అది ఆ పదిమందినీ పట్టిస్తుంది. వారితోపాటు మిగిలిన వారిలో నూటికి ఒకరి చొప్పున దాదాపు వెయ్యిమంది అమాయకులనూ పట్టిస్తుంది. అంటే అనుమానితుల జాబితాలోని ప్రతి వందమందిలో తొంభై తొమ్మిదిమంది ఏ పాపం ఎరుగనివారే. పరికరం చెడ్డది కాకున్నా, వెతుకుతున్నది అత్యంత అరుదైన వస్తువు కావడమే ఇందుకు కారణం. ముఖాలను గుర్తించే సాంకేతికతపై సామాజిక కార్యకర్త ఎస్.క్యు.మసూద్ హైకోర్టును ఆశ్రయించడం వెనుక ఉన్న ఆందోళనకూ ఈ లెక్కకూ దగ్గరి సంబంధం ఉంది. వాస్తవానికి ఏ పద్ధతీ 99 శాతం కచ్చితంగా ఉండదు.

మరి ఆ పదిమంది ఎలా తయారవుతారు? పేదరికమే కారణమన్న వాదన మన చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. పాతబస్తీ పేదరికం కాదనలేనిది. 2006 నాటి సచార్ కమిటీ, తెలంగాణలో 2016లో నివేదిక ఇచ్చిన సుధీర్ కమిషన్ ముస్లింల వెనుకబాటును వివరంగా నమోదు చేశాయి. కానీ ఆ వెనుకబాటును సరిదిద్దడం తనంతట తానే న్యాయం. తీవ్రవాదం భయంతో చేయవలసిన పని కాదు. పైగా ఆర్థికవేత్త అలాన్ క్రూగర్ తదితరుల అధ్యయనాలు పేదరికానికీ ఉగ్రవాదానికీ నేరుగా ముడి లేదని తేల్చాయి. అమెరికాకు చెందిన మార్క్ సేజ్‌మన్ 172 మంది ఉగ్రవాదుల జీవిత వివరాలు సేకరించి 2004లో ప్రచురించిన పుస్తకంలో మరో సంగతి బయటపెట్టారు. వారిలో ఎక్కువమందిని ఉద్యమంలోకి లాగినది సిద్ధాంతం కంటే ముందు స్నేహం, చుట్టరికం. ఒకే గదిలో ఉన్నవారు, ఒకే కళాశాలలో చదివినవారు కలిసి వెళ్లారు. మన ఊళ్లలో నక్సలైటు దళాల్లోకి వెళ్లిన కుర్రాళ్ల కథలు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

అదే సేజ్‌మన్ 2014లో తన రంగంపై తానే కఠినమైన వ్యాఖ్య చేశారు. నిఘా సంస్థల వద్ద సమాచారం గుట్టలుగా ఉన్నా దాన్ని అర్థం చేసుకునే పద్ధతి లేదని, పండితుల వద్ద పద్ధతి ఉన్నా సమాచారం లేదని, అందుకే ఈ పరిశోధన ముందుకు కదలడం లేదని ఆయన వాదించారు. హైదరాబాదుకు ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది.

మత ఘర్షణలపై పరిశోధన మాత్రం ఈ నగరంలో బాగానే సాగింది. 1990 అల్లర్ల తర్వాత మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ పాతబస్తీలో పహిల్వాన్లను, బాధితులను కలిసి పుస్తకం రాశారు. అశుతోష్ వార్ష్నేయ్ 2002లో వెలువరించిన గ్రంథంలో హైదరాబాదును లక్నోతో పోల్చారు. రెండూ నవాబుల నగరాలే, రెండింటిలోనూ ముస్లిం జనాభా గణనీయమే. అయినా హైదరాబాదు పదేపదే మండింది, లక్నో చాలావరకు ప్రశాంతంగా ఉంది. లక్నోలో చికన్ వస్త్ర పరిశ్రమ హిందూ వ్యాపారులను, ముస్లిం పనివారిని ఒకరిపై ఒకరు ఆధారపడేలా చేసిందని, రెండు వర్గాలవారు కలిసి పనిచేసే ఇలాంటి బంధాలున్న చోట పుకారు అల్లరిగా మారదని ఆయన నిర్ధారణ. రహస్య ముఠాల తీవ్రవాదం అల్లర్ల వంటిది కాదు కనుక ఈ నిర్ధారణను యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదు. అయితే ఒక తల్లి తన కొడుకు తీరుపై అనుమానం వస్తే ఎవరి దగ్గరికి వెళుతుందన్న ప్రశ్నకు అందులో సగం జవాబు ఉంది. నమ్మకమున్న చోటికే వెళుతుంది. ఠాణాకు వెళితే కొడుకు తిరిగి రాడని భయపడే తల్లి నోరు విప్పదు.

కౌన్సెలింగ్ ప్రయోగం

ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2014 ఆగస్టు, సెప్టెంబరు నాటి మాట. ఐఎస్‌లో చేరాలన్న ఉద్దేశంతో ఇల్లు విడిచిన నలుగురు హైదరాబాదు యువకులను పశ్చిమ బెంగాల్‌లో అడ్డుకున్నారు. తెలంగాణ పోలీసులు వారిపై కేసులు పెట్టలేదు. తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇప్పించి అప్పగించారు. అప్పట్లో అది సాహసమే. కుటుంబాలు ధైర్యంగా సమాచారం ఇచ్చేందుకు అంతకు మించిన భరోసా ఉండదు.

ఏడాదిన్నర తిరగకముందే, 2015 డిసెంబరులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో ముగ్గురు యువకులు పట్టుబడ్డారు. వారిలో ఒకరు పాత నలుగురిలోని వాడే. 2018లో అతడిని ఎన్ఐఏ మరోసారి అరెస్టు చేసింది. దీంతో కౌన్సెలింగ్ వట్టి భ్రమ అన్న విమర్శ మొదలైంది. ఆ విమర్శ తొందరపాటు. ఒకరు మళ్లీ అదే దారి పట్టినంత మాత్రాన నలుగురి విషయంలోనూ విఫలమైనట్లు కాదు. కౌన్సెలింగ్ ఎన్ని వారాలు సాగింది, మాట్లాడినది పోలీసా, మత గురువా, మానసిక వైద్యుడా, ఇంటికి చేరాక చదువో కొలువో చూపారా అన్నవి తేలకుండా ఆ పద్ధతి మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. అగ్ని తొలి ప్రయోగం ఆగిపోయినప్పుడు క్షిపణి కార్యక్రమాన్నే రద్దు చేయాలని కంచన్‌బాగ్‌లో ఎవరూ అనలేదు.

డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరం ఇదే సమస్యను ఎదుర్కొంది. 2013 వరకు ఆ చిన్న నగరం నుంచి దాదాపు ముప్పైమంది సిరియా వెళ్లారు. పోలీసులు, పురపాలక అధికారులు కలిసి తిరిగి వచ్చిన వారికి ఒక్కొక్కరికి ఒక మార్గదర్శిని కుదిర్చారు. చదువుకు, ఉద్యోగానికి సాయపడ్డారు. నేరం చేసినట్లు ఆధారముంటే మాత్రం విచారణ తప్పదన్నారు. 2014లో వెళ్లింది ఒక్కరే. ఆ తగ్గుదలకు వేరే కారణాలూ ఉండవచ్చని వాదించే నిపుణులున్నారు. ఆ వాదన సాధ్యమైనది అక్కడ లెక్కలు బయట ఉన్నందునే. బ్రిటన్‌లో మాత్రం 2015 నుంచి ఉపాధ్యాయులు కూడా అనుమానం తోచిన పిల్లల గురించి తెలియజేయాలన్న చట్టం వచ్చింది. బడి పిల్లల మీద నిఘా ఏమిటని పెద్ద దుమారం రేగింది.

అంత దూరం పోనక్కరలేదు. హింసా మార్గం నుంచి యువకులను వెనక్కి తేవడంలో తెలుగు నేలకు దశాబ్దాల అనుభవం ఉంది. లొంగిపోయిన నక్సలైట్లకు వారి తలపై ప్రకటించిన రివార్డు సొమ్మును వారికే ఇవ్వడం, పునరావాసం కల్పించడం ఉమ్మడి రాష్ట్రంలో ఎప్పుడో మొదలైంది. 1997లో ఎస్.ఆర్.శంకరన్ వంటి పెద్దలు కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీగా ఏర్పడి పల్లెలు తిరిగారు. పోలీసు హింసను, దళాల హింసను ఒకే చేత్తో నమోదు చేశారు. 2004 చర్చలకు దారి పడడంలో వారి కృషి ఉంది. చర్చలు విఫలమైనా వారు సమకూర్చిన అవగాహన వృథా కాలేదు. దళం నుంచి వచ్చినవాడు మళ్లీ మనిషిగా బతకగలడని నమ్మిన రాజ్యం, సిరియా దారి పట్టబోయి ఆగిన కుర్రాడి విషయంలో అలాంటి స్పష్టమైన విధానాన్ని రూపొందించుకోలేదు. కేంద్ర హోం శాఖ 2017లో ఉగ్రవాద, తీవ్రవాద భావజాల నిరోధానికి ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసినా, బస్తీ స్థాయిలో తల్లిదండ్రులకు కనిపించే తలుపు ఇప్పటికీ ఠాణా తలుపే.

క్షేత్ర పరిశోధనకు ఆటంకాలు లేకపోలేదు. పాతబస్తీ గల్లీలోకి ప్రశ్నల పత్రంతో అడుగుపెట్టిన ఎవరినైనా మొదట శంకించేది పోలీసు మనిషేమోనని. దక్కనీ ఉర్దూ రాని పరిశోధకుడికి సగం మాటలు అందవు. విన్నది పోలీసులకు చెప్పనన్న హామీ ఇస్తే, నేరం గురించి తెలిసినప్పుడు ఏం చేయాలన్న ధర్మసంకటం ఉంటుంది. దస్త్రాల వైపు నుంచి మొదలుపెడితే ఈ చిక్కులు కొంత తగ్గుతాయి. బేగంపేట కేసు తీర్పుతో ముగిసింది. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్నవారి సంగతీ తేలిపోయింది. పేర్లు తొలగించి ఆ దస్త్రాలను అధ్యయనానికి ఇస్తే నష్టపోయే రహస్యం అంటూ పెద్దగా ఉండదు. 2014 నాటి కౌన్సెలింగ్ వివరాలకూ ఇదే వర్తిస్తుంది. అప్పటి యువకులు ఇప్పుడు ముప్పైల్లో ఉంటారు. పెళ్లిళ్లయి, పిల్లలను బడికి పంపుతున్నవారు ఉండవచ్చు. తమను వెనక్కి మళ్లించిన మాట ఏదో చెప్పగలిగేది వారే.

పరిశోధించగల సంస్థలకు నగరంలో కొదవ లేదు. దేశానికి ఐపీఎస్ అధికారులను తీర్చిదిద్దే జాతీయ పోలీసు అకాడమీ శివరాంపల్లిలో ఉంది. ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, ఉస్మానియా తార్నాకలో ఉన్నాయి. ఈ మూడింటికీ ఆ దస్త్రాలు అందేలా ఉత్తర్వు ఇవ్వవలసింది రాష్ట్ర హోం శాఖ.